సమగ్రత అనే సాకు

మన సాహిత్య విమర్శలో "సమగ్రత" అన్న మాట ఎంత గౌరవం సంపాదించుకుందో అంత నష్టమూ చేస్తున్నది. ఒక కథకుడి మీద ఎవరైనా వ్యాసం రాస్తే అది సమగ్రంగా లేదంటారు. మీరెందుకు రాయలేదని ఇంకొకర్ని అడిగితే సమగ్రంగా అధ్యయనం చేశాక రాస్తానంటారు. సభల్లో గంటసేపు చక్కగా మాట్లాడగలిగిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు, సంఘాల కార్యకర్తలు నాలుగు పేజీల వ్యాసం అడిగేసరికి వెనక్కి తగ్గుతారు. ఇది వాళ్ల వినయమని సరిపెట్టుకోలేం. ఈ భయానికి ఒక చరిత్ర వుంది.

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఆ తర్వాత అర్ధశతాబ్దానికి పైగా తెలుగులో వచనం రాయబోయే మనిషి ముందుగా ఆ గుమ్మం దాటవలసి వచ్చింది. అరసున్న ఎక్కడ పెట్టాలో, బండి ర ఎక్కడ రాయాలో తెలియనివాడు అసలేం చెప్పదలుచుకున్నాడన్నది పండితులకు పట్టలేదు. గిడుగు రామమూర్తి పోరాటాన్ని మనం బడిలో భాషా వివాదంగా మాత్రమే చెబుతాం. తప్పు పట్టే అధికారం ఎవరిదన్న ప్రశ్న కూడా అందులో వుంది. వ్యాకరణం తమ సొత్తనుకున్నవాళ్ల రాతల్లోనే ఆయన తప్పులు ఏరి చూపించాడు. వ్యావహారికం గెలిచింది గానీ గుమ్మం పోలేదు. అరసున్న స్థానంలో ఇప్పుడు సిద్ధాంత గ్రంథాలొచ్చి కూర్చున్నాయి. లూకాచ్‌నీ గ్రాంసీనీ పూర్తిగా చదవకుండా ఒక పల్లెటూరి కథ గురించి నోరు విప్పకూడదన్నట్టు మనవాళ్లే, అంటే అభ్యుదయ విమర్శకులే, ప్రవర్తిస్తున్నారు. సిద్ధాంతం అక్కర్లేదని నేననను. చేతిలో పనిముట్టుగా వుండవలసినదాన్ని ప్రవేశ రుసుముగా మార్చామంటాను. (మా ఉపాధ్యాయుల సంగతి మరీ విచిత్రం. ఏళ్ల తరబడి ఇతరుల కాగితాల మీద ఎర్రసిరా పోసినవాళ్లం. అది మన కాగితం మీద ఒక్క చుక్క పడుతుందంటే వణుకు.)

గురజాడను చూద్దాం. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశాడు. ఈనాడు మనం మెచ్చుకునే మధురవాణి, క్లాసులో చెప్పే గిరీశం ఆ రెండో కూర్పు మనుషులు. శిల్పం దృష్ట్యా మొదటి కూర్పు దాని పక్కన నిలబడదు. పన్నెండేళ్లు ఆగి రెండోదే ఇచ్చివుంటే సరిపోయేది కదా అనవచ్చు. నాకలా తోచదు. ఆడిన నాటకం, అచ్చయిన పుస్తకం కళ్లముందుంటే దిద్దుకోవడం ఒక రకం. బల్ల సొరుగులో వున్నదాన్ని దిద్దుకోవడం మరో రకం.

నా దృష్టిలో వ్యాసం రాయదలుచుకున్నవాళ్లు తప్పక చదవవలసింది మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణుల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి ఆనందగజపతి తయారు చేయించాడు. అందులో నమోదైనవి 1,034. అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది వయసు పసికందులు ముగ్గురు. పిల్లను అమ్ముకున్నామని ఎవరూ ఒప్పుకోరు గనక ఈ జాబితా సమగ్రం కాదని గురజాడే చెబుతాడు. చెప్పి, దాన్నే ముందుపెట్టి వాదిస్తాడు. లెక్క పూర్తయ్యాక రాద్దామని ఆగివుంటే? దాచుకోవలసిన అవసరం వున్నవాళ్లు వున్నంతకాలం ఆ లెక్క పూర్తి కాదు. అంటే ఆగడం వల్ల లాభం ఎవరికి? పసిపిల్లకు వెల కట్టినవాడికి. మనం "ఇంకా సమగ్రంగా" అంటూ వాయిదా వేసే ప్రతి విషయంలోనూ ఈ ప్రశ్న వేసుకోవాలి.

కొడవటిగంటి కుటుంబరావు సంగతి వేరు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామ పని చూసుకుంటూనే సాహిత్యం, సినిమా, చరిత్ర, సైన్సు మీద విరివిగా వ్యాసాలు రాశాడు. అన్నీ గొప్పవి కావు. చెప్పిందే చెప్పినవి వున్నాయి. మరీ తేల్చిపారేసినవీ వున్నాయి. అయితే ఆయన ఏమంటున్నాడో రెండు పేరాల్లో తెలిసిపోతుంది. ఎక్కడ కాదనాలో కూడా తెలుస్తుంది. ఇది చిన్న గుణం కాదు. "ఒక విధంగా చూస్తే", "విస్తృత పరిధిలో పరిశీలిస్తే" అంటూ ఏ వైపు నుంచీ పట్టు దొరక్కుండా రాసే వ్యాసాలు మన పత్రికల్లో కొల్లలు. వాటికి జవాబు రాయడం ఎవరివల్లా కాదు. వాటిలో మాటంటూ వుంటే గదా!

మా ప్రాంతంలో ఒక తెలుగు ఉపాధ్యాయుడు పదిహేనేళ్లుగా నాట్ల పాటలు సేకరించాడు. కూలి పెంచమని దొరను దెప్పుతూ పాడేవి, మేస్త్రీ మీద హాస్యాలు, కడుపుతో వున్న మనిషి వంగి నాటేటప్పటి బాధ, అన్నీ అతని నోటుపుస్తకాల్లో వున్నాయి. రాయవయ్యా అంటే ఇంకా రెండు మండలాలు తిరగాలంటాడు. ఈలోగా కొన్ని వూళ్లకు నాటు యంత్రాలొచ్చాయి. పాడిన ముసలమ్మల్లో చాలామంది పోయారు. ఏ మాట తప్పు విన్నాడో చెప్పగలిగింది వాళ్లే. పదేళ్ల కిందట ఆరు పాటల మీద ఆరు పేజీలు అచ్చయివుంటే, చదువుకున్న మనవరాలెవరో అది అవ్వకు చదివి వినిపించి "ఇక్కడ తప్పు రాశారు సార్" అని కార్డు ముక్క రాసేది. ఆ అవకాశం చాలా పాటలకు ఇక లేదు.

తొందర రాతలకు నేను వకాల్తా పుచ్చుకున్నానని ఎవరూ అనుకోవద్దు. ముందుమాట మాత్రమే చదివి పుస్తకాన్ని సమీక్షించేవాళ్లు, కవితా పాదాన్ని తప్పుగా ఉదహరించి దానిమీద వర్గ విశ్లేషణ కట్టేవాళ్లు మనలో లేకపోలేదు. సంవత్సరం సరిచూసుకోవడం, ఎదుటివాడి వాదాన్ని అతను ఒప్పుకునే రూపంలో చెప్పడం, తనకు తెలియనిచోట తెలియదనడం – వీటిలో రాజీ కుదరదు. వదిలెయ్యదగినవి వేరే వున్నాయి. చిన్న కథ మీద వ్యాసాన్ని నన్నయతో మొదలుపెట్టనక్కర్లేదు. ఆ రచయిత రాసిన ప్రతి కథనూ ప్రస్తావించనక్కర్లేదు. చివరి వాక్యం మోగనక్కర్లేదు.

ఆ ఉపాధ్యాయుణ్ణి ఈమధ్య మళ్లీ అడిగాను. ఆరు పాటలు చాలు, ఏ వూళ్లో ఎవరు పాడారో, ఏ సంవత్సరం విన్నావో రాసివ్వమన్నాను. రెండు పాటల్లో తనకు అర్థం తెలియని మాటలు నాలుగున్నాయని నసిగాడు. ముందు ఆ నాలుగు మాటలే అచ్చువేయిద్దాం, తెలిసినవాళ్లు చెబుతారు అన్నాను.