గాలిని బట్టి కొండ

స్లోప్ సోరింగ్‌లో ఎగిరే ఆర్‌సీ (రేడియో కంట్రోల్) గ్లైడర్‌కు ఇంజనూ ఉండదు, ప్రొపెల్లరూ ఉండదు. రిమోట్ చెప్పినట్టు తోకనూ రెక్కల అంచులనూ కదిలించే బుల్లి సర్వో మోటార్లు, వాటికో బ్యాటరీ, అంతే. దాన్ని గంటల తరబడి పైన నిలబెట్టేది కొండవాలు. ఎదురుగా వచ్చిన గాలి వాలుకు తగిలి, ముందుకు దారిలేక పైకి మళ్లుతుంది. గ్లైడర్ తన చుట్టూ ఉన్న గాలిలో ఎప్పుడూ కిందికే జారుతుంటుంది. తేలికపాటి ఫోమ్ గ్లైడర్ సెకనుకు అర మీటరు నుంచి మీటరు దాకా దిగుతుంది. గాలి అంతకంటే జోరుగా పైకి లేస్తుంటే గ్లైడరూ దానితోపాటే లేస్తుంది. 30 డిగ్రీల వాలు మీదికి సెకనుకు 6 మీటర్ల గాలి సూటిగా వస్తే, వాలును ఆనుకుని అందులో సగం, అంటే సెకనుకు 3 మీటర్లు, పైకి పోయే వేగం. వాలుకు దూరం జరిగేకొద్దీ అది తగ్గుతుంది. తగ్గినా చాలినంత మిగులుతుంది. 1911 అక్టోబరు 24న అమెరికాలోని కిల్ డెవిల్ హిల్స్ ఇసుక దిబ్బల మీద ఆర్విల్ రైట్ ఇంజను లేని గ్లైడర్‌లో 9 నిమిషాల 45 సెకన్లు నిలిచింది ఈ పైకిలేచే గాలి మీదే.

ఈ ఆటకు వెళ్లేవాళ్లలో చాలామంది ప్రణాళికను తలకిందులుగా వేసుకుంటారు. ఆదివారం అనీ, ఫలానా కొండ అనీ, ఇంతమందిమి అనీ ముందు ఖాయం చేసుకుని, ఆ తర్వాత గాలి సంగతి చూస్తారు. సరైన వరుస వేరు. ముందు గాలి, ఆ గాలికి ఎదురుగా నిలిచే కొండ, ఆ రెంటికీ సరిపడే గ్లైడర్. రోజు నాలుగోది. ఈ వరుస తప్పితే కొండెక్కి దిగిన ఆయాసమే మిగులుతుంది, ఒక్కోసారి విరిగిన రెక్కలు కూడా.

గాలి విషయంలో మొదట చూడాల్సింది దిశ. వేగం ఆ తర్వాతే. గాలి వాలుకు సూటిగా ఎదురు వస్తే పూర్తి పని చేస్తుంది. 30 డిగ్రీలు పక్కకు తిరిగితే, వాలు మీదికి సూటిగా వచ్చే భాగం 87 శాతానికి తగ్గుతుంది. 45 డిగ్రీలకు అది 71 శాతం, 60 డిగ్రీలకు సగం. లెక్క ఇంత మెత్తగా కనిపించినా కొండ మీద పరిస్థితి ఇంకా కటువుగా ఉంటుంది. ఏటవాలుగా వచ్చిన గాలి వాలు వెంబడి జారిపోతూ, మధ్యలో తగిలిన ప్రతి మడతకూ గుండుకూ సుడి తిరుగుతుంది. ఒక మడత ముందు బ్రహ్మాండంగా లేచిన గ్లైడర్ దాని వెనక్కు పోగానే రాయిలా పడుతుంది. స్లోప్ రేసుల అంతర్జాతీయ తరగతి ఎఫ్3ఎఫ్ నియమాలు కూడా దీన్ని గుర్తించాయి. గాలి 45 డిగ్రీలకు మించి పక్కకు తిరిగినా, సెకనుకు 3 మీటర్ల కంటే తగ్గినా, 25 దాటినా పోటీ ఆపాలి. 25 అంటే గంటకు 90 కిలోమీటర్లు. అది మూడు మీటర్ల కార్బన్ రెక్కలతో ఆరితేరినవాళ్లకు పెట్టిన హద్దు. ఫోమ్ గ్లైడర్‌తో నేర్చుకునేవారికి గంటకు 15 నుంచి 30 కిలోమీటర్ల గాలి హాయిగా ఉంటుంది. పక్క గాలి 30 డిగ్రీలు దాటితే వాళ్లు ఆ కొండను వదులుకోవడం మంచిది.

కొండకు ఎదురుగా ఏముందో కూడా చూడాలి. సముద్రమో, మైదానమో, చెరువో అయితే గాలి నున్నగా వస్తుంది. ఎదుట ఇంకో గుట్ట ఉంటే, దాని ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి చెదిరే ఉంటుంది. మ్యాప్‌లో ఎత్తు గీతలు చూసి ఇంట్లోనే ఈ లెక్క తేల్చుకోవచ్చు.

ఇక వాతావరణ సూచన. దీన్ని చదవడంలోనే అసలు నేర్పు ఉంది. ఫోన్లో కనిపించే గాలి వేగం నేలకు 10 మీటర్ల ఎత్తున ఉండే సగటు. అది కొండ కొమ్మున వీచే గాలి కాదు. సూచన లెక్కలు భూమిని గళ్లుగా విడగొట్టి వేస్తారు. యూరప్ వాతావరణ కేంద్రం మోడల్‌లో ఒక్కో గడి సుమారు 9 కిలోమీటర్లు, అమెరికా జీఎఫ్ఎస్‌లో సుమారు 13. భారత వాతావరణ శాఖ 2025 మేలో తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో అది 6 కిలోమీటర్లు. 6 కిలోమీటర్ల గడిలో రెండు వందల అడుగుల గుట్ట ఉన్నట్టే తెలియదు. కాబట్టి సూచన చెప్పేది చుట్టుపక్కల మైదానపు గాలి. కొండ కొమ్మున అదే గాలి ఒత్తుకుని సాగుతుంది గనుక ఒకటిన్నర రెట్లు ఉన్నా ఆశ్చర్యం లేదు. సూచనలో గంటకు 20 కిలోమీటర్లు కనిపించిన రోజు పైన 30 ఉంటుందని అనుకునే బయల్దేరాలి.

సగటు పక్కనే ఉండే గస్ట్ (ఒక్కసారిగా వచ్చే గాలి విసురు) అంకెను చాలామంది దాటేస్తారు. నిజానికి చూడాల్సింది ఆ రెండింటి మధ్య తేడా. సగటు 20, గస్ట్ 25 అయితే అది నిలకడ గాలి, గ్లైడర్ పట్టాల మీద నడిచినట్టు ఉంటుంది. సగటు 20, గస్ట్ 40 అయితే గాలి ఒత్తిడి ఒక్క క్షణంలో నాలుగు రెట్లవుతుంది. ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కదా. అలాంటి రోజు దించడం ప్రాణసంకటం. కొలమానాల దగ్గరా తడబడకూడదు. ఒక యాప్ నాట్లలో చూపిస్తుంది, ఇంకోటి కిలోమీటర్లలో. 15 నాట్లు అంటే గంటకు 28 కిలోమీటర్లు. 15 కిలోమీటర్లనుకుని తేలిక గ్లైడర్ ఒక్కటే పట్టుకెళ్లినవాళ్లు దాన్ని సంచిలోనే ఉంచి తిరిగి రావాలి.

ఐదు రోజుల ముందు సూచన చూసేది ఆశ పెట్టుకోవడానికి మాత్రమే. రెండు రోజుల ముందు ఈ మోడళ్లన్నీ ఒకే దిశ చెబితే కొండను ఎంచుకోవచ్చు. అవి విభేదిస్తే రెండు వైపులకు తిరిగిన రెండు కొండలను మనసులో ఉంచుకోవాలి. తెల్లవారాక చూడాల్సింది సూచన కాదు, దగ్గర్లోని విమానాశ్రయమో వాతావరణ కేంద్రమో కొలిచిన గాలి. సూచన చెప్పిన గాలి అక్కడ వీస్తోందంటే బండి తీయవచ్చు.

గాలికి వేళలు ఉంటాయి. ఇది కళ్లకు కట్టినట్టు తెలిసే చోటు కాలిఫోర్నియాలోని టోరీ పైన్స్. శాన్ డియేగోలో ఉండే తెలుగువాళ్లకు కొత్త చోటేమీ కాదు. సముద్రం పక్కన సుమారు వంద మీటర్ల మట్టి గోడ, ముఖం పడమటికి, ఎదుట పసిఫిక్. మనుషులు ఎగిరే పారాగ్లైడర్లూ, ఆర్‌సీ గ్లైడర్లూ అక్కడ ఒకే గాలిని పంచుకుంటాయి. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి మొదలై, మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ బలం పుంజుకుని, సాయంత్రానికి చల్లారుతుంది. పొద్దున ఎనిమిదికే వెళ్లినవాళ్లు గడ్డి మీద కూర్చుని ఎదురుచూడాల్సిందే. అయితే మే, జూన్ నెలల్లో సముద్రం మీంచి వచ్చే తక్కువ ఎత్తు మబ్బు తీరాన్ని కప్పేస్తుంది. నేల వేడెక్కదు, గాలి లేవదు. మబ్బు గోడ అంచుకంటే కిందికి దిగితే గ్లైడర్ కనిపించదు కూడా. ఆ రెండు నెలల్లో మబ్బు ఎప్పుడు విడుతుందన్నదే ముఖ్యమైన సూచన. దక్షిణాన కొద్ది దూరంలో ఉన్న స్క్రిప్స్ పియర్ దగ్గర కొలిచే గాలి మిగతా సంగతి చెబుతుంది.

అదే చోట శరదృతువు నుంచి చలికాలం దాకా అప్పుడప్పుడూ శాంటా ఆనా గాలులు వస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఎండ కాస్తుంది, గాలీ బలంగానే ఉంటుంది. కానీ అది తూర్పున ఎడారి వైపు నుంచి వస్తుంది. ఆ రోజు సముద్రపు గోడ గాలికి వెనక వైపున పడిపోతుంది. అంచు దాటిన గాలి కిందికి దొర్లి రోటర్ అనే సుడి అవుతుంది. చేతిలోంచి వదిలిన గ్లైడర్ నేరుగా అలల్లోకి పోతుంది. వాన లేదు, గాలి ఉంది అని చూసుకుని వెళ్లినవాళ్లను ఆ రోజు ఎంత మోసం చేస్తుందో, దిశ చూసుకున్నవాళ్లకు అంత తేలిగ్గా అర్థమవుతుంది.

తెలుగు నేల మీద లెక్క మారుతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో రాయలసీమ, తెలంగాణ మీదుగా పడమర, నైరుతి గాలులు నిలకడగా వీస్తాయి. అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలు నిలిపింది ఆ గాలి కోసమే. గాలిమరల మధ్య ఎగరేయడం తగదు గానీ, ఆ ప్రాంతంలో పడమటికి తిరిగిన బోడిగుట్టలు ఈ ఆటకు పుట్టినట్టే ఉంటాయి. వాన తెరిపి ఇచ్చిన జూన్, జులై రోజులు అక్కడ బంగారం. చలికాలంలో ఈశాన్య గాలి మెత్తగా ఉంటుంది, తేలిక గ్లైడర్లకు తప్ప ఆనదు. కోస్తాలో వేసవి మధ్యాహ్నాల సముద్రపు గాలి మంచిదే, కానీ విశాఖ కొండలను చూసి ఉబలాటపడకూడదు. తూర్పు నౌకాదళ కేంద్రం అక్కడే ఉంది, అక్కడి రన్‌వే నౌకాదళానిదే. 2021 డ్రోన్ నిబంధనలు రిమోట్ మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. గగనతల మ్యాప్‌లో ఎరుపు, పసుపు రంగుల్లో ఉన్న చోట అనుమతి లేకుండా ఏదీ ఎగరకూడదు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ లాంటి చోట్ల ఎత్తూ గాలీ ఉన్నా, చెట్ల మధ్య దించడానికి నేల దొరకదు. కొండను ఎంచుకునేటప్పుడే దించే చోటునూ చూసుకోవాలి.

వేసవిలో ఇక్కడ అన్నిటికంటే భయపడాల్సింది క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘానికి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో వాతావరణ శాఖ హెచ్చరికలో ‘ఉరుములు, మెరుపులతో కూడిన వర్షం, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురుగాలులు’ అని ఉంటే ఆ రోజు కొండ పేరెత్తకూడదు. మేఘం ఇంకా పది, పదిహేను కిలోమీటర్ల అవతల ఉండగానే దాని అడుగు నుంచి చిమ్మిన చల్లగాలి వచ్చి పడుతుంది. అంతసేపూ వీచిన గాలి ఉన్నట్టుండి ఆగి, మరో దిక్కు నుంచి చల్లగా తగిలితే అది చివరి హెచ్చరిక. కొండ కొమ్మున రిమోట్ పట్టుకుని నిలబడ్డ మనిషి పిడుగుకు అనువైన గురి. ఉరుము వినబడితే దించేయాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ కొండెక్కకూడదు. దామిని యాప్ దగ్గర్లో పడే పిడుగులను చూపిస్తుంది.

కొండ మీదికి చేరాక ఇంట్లో వేసిన లెక్కను సరిచూసుకోవాలి. దానికి రెండు వెదురు పుల్లలు, వాటి కొసలకు జానెడు ఊలు దారం చాలు. ఒక పుల్లను అంచున, ఇంకోదాన్ని పది అడుగుల వెనక పాతాలి. మంచి గాలి ఉన్న రోజు అంచున దారం వెనక్కు సాగుతూ కొంచెం పైకి లేచి ఉంటుంది, చివర మాత్రమే వణుకుతుంది. వెనక పుల్ల దారం అదే దిక్కుకు నిలకడగా సాగితే అక్కడ నేల కూడా మంచిదే. అది అటూ ఇటూ కొట్టుకుంటూ, మధ్యమధ్య అంచు వైపుకే తిరిగి వాలుతుంటే, అంచు వెనక సుడి ఉన్నట్టు. నిట్టనిలువు గోడల మీద ఇది మామూలే, గుండ్రటి కొమ్ము ఉన్న కొండల మీద తక్కువ. అంచున గాలి ఎంత అందంగా ఉన్నా, ఆ సుడిలో గ్లైడర్‌ను దించకూడదు. ఇంకా వెనక్కు గానీ పక్కకు గానీ నడిచి, దారం నిలకడగా సాగే నేల వెతుక్కోవాలి. వేగం కొలిచే చేతి మీటరును నేల దగ్గర పెట్టకుండా తలకు పైన ఎత్తి పట్టుకోవాలి. రెండు మూడు నిమిషాలు చూసి సగటుతోపాటు అతి ఎక్కువ, అతి తక్కువ అంకెలను కూడా గుర్తుంచుకోవాలి.

కొండ మీద గద్దలు తిరుగుతుంటే వాటిని మించిన సూచన లేదు. రెక్క ఆడించకుండా అంచు వెంట సాగే గద్ద లిఫ్ట్, అంటే పైకి లేచే గాలి, ఎక్కడుందో అంగుళంతో సహా చూపిస్తుంది. అది రెక్కలు కొట్టుకుంటూ పోతోందంటే గ్లైడర్‌కూ అక్కడ ఆధారం దొరకదు. గూళ్ల కాలంలో అవి మోడళ్ల మీదికి దూకుతాయి. అప్పుడు కొండ వాటిది, చోటు మార్చుకోవాల్సింది మనిషి.

గ్లైడర్ ఎంపిక అప్పటికి దానంతట అదే తేలుతుంది. సన్నని గాలికి తేలికైనదీ, బలమైన గాలికి బరువైనదీ. బరువు పెంచితే గ్లైడర్ జారే కోణం దాదాపు మారదు, వేగం మాత్రం బరువుకు వర్గమూలంగా పెరుగుతుంది. కిలో గ్లైడర్‌లో 440 గ్రాముల అదనపు బరువు (బ్యాలస్ట్) కలిపితే 20 శాతం వేగంగా పోతుంది, ఎదురుగాలిని చీల్చుకుని ముందుకు రాగలుగుతుంది. దిగే వేగమూ అంతే పెరుగుతుంది గనుక లిఫ్ట్ బలంగా ఉన్నప్పుడే అది పనికొస్తుంది. బ్యాలస్ట్‌ను గ్లైడర్ బరువు కేంద్రం దగ్గరే పెట్టాలి. తోకకో ముక్కుకో జరిగితే గ్లైడర్ స్వభావమే మారిపోతుంది.

వదిలే ముందు రేడియో రేంజి చూసుకుని, కుడి అంటే కుడికే కదులుతోందా అని కంటితో సరిచూసుకుని, ముక్కు కొద్దిగా కిందికి ఉంచి గాలికి ఎదురుగా గట్టిగా తోయాలి. మలుపులన్నీ కొండకు దూరంగా, గాలి వైపుకే. కొండ వైపు తిరిగిన గ్లైడర్‌ను గాలే వెనక్కు ఈడ్చుకుపోయి రోటర్‌లో పడేస్తుంది. గాలి బలం తగ్గుతున్నట్టు అనిపించినప్పుడే, ఎత్తు చేతిలో ఉండగానే దించుకోవాలి. వాలు కిందికి జారిన గ్లైడర్ కోసం ముళ్లపొదల్లో దిగి ఎక్కడం చీకటి పడే వేళ చేసే పని కాదు.

ఇంటికి వచ్చాక నోటు పుస్తకంలో ఆ రోజు సూచన చెప్పిన దిశ, వేగం, గస్ట్, కొమ్మున కొలిచిన అంకెలు, వేళ, ఎంత బ్యాలస్ట్ పెట్టిందీ రాసి పెట్టుకోవాలి. ఒక సీజను గడిచేసరికి ప్రతి కొండకూ ఒక లెక్క తేలుతుంది: ఈ గుట్ట మీద సూచన కంటే గాలి ఎంత ఎక్కువ ఉంటుంది, దిశ ఎన్ని డిగ్రీలు తిరిగితే పని చేయడం మానేస్తుంది, ఏ నెలలో ఏ గంటకు మొదలవుతుంది అన్నది. ఆ లెక్క ఏ యాప్‌లోనూ దొరకదు.