పై మధ్యమం దగ్గర

పోయిన ఆదివారం పెనుకొండలో పద్యాల పోటీకి వెళ్లాను. పదో తరగతి అబ్బాయి ఒకడు శంకరాభరణంలో పద్యం ఎత్తుకున్నాడు. శ్రుతి రెండు. చివర్లో రాగం తీస్తూ పై మధ్యమం అందుకున్నాడు. అక్కడ గొంతు సన్నబడింది. న్యాయనిర్ణేత ఒకాయన అప్పుడే అనేశారు: "దొంగ గొంతు పనికిరాదు నాయనా. మగపిల్లోడివి, నిండుగా పాడాల." మార్కులు కోశారు. ఆ వెనకాలే ఐదు శ్రుతిలో ఒక అమ్మాయి అదే రాగంలో పై షడ్జమం మీద నిలిచింది. ఆమెదీ సన్న గొంతే. "శభాష్ తల్లీ" అన్నారు.

నాకు కోపమొచ్చింది. హార్మోనియం ముందు కూర్చున్నవాళ్లెవరైనా చూడొచ్చు: రెండు శ్రుతికి మధ్యమం, ఐదు శ్రుతికి షడ్జమం ఒకే మెట్టు. సుమారు 392 హెర్ట్జ్. ఇద్దరు పిల్లలు ఒకే మెట్టు మీద ఒకే పని చేస్తే ఒకరిది దొంగతనం, ఇంకొకరిది విద్య ఎలా అవుతుంది?

కింది స్వరాల్లో స్వరతంత్రులు మందంగా, నిండుగా ఒకదానికొకటి తగులుతాయి. పైకి పోయేకొద్దీ సాగి పలచబడతాయి. చివరికి అంచులు మాత్రమే కదులుతాయి. మొదటిది నిండు గొంతు, రెండోది సన్న గొంతు. మన శాస్త్రకారులకు ఈ తేడా చెవికి తెలుసు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం'లో మంద్రానికి హృదయం, మధ్యకు కంఠం, తారకు శిరస్సు స్థానాలన్నాడు. గొంతు లోపల జరిగేది కంటితో చూడాలంటే 19వ శతాబ్దం దాకా ఆగాల్సివచ్చింది. మాన్యుయెల్ గార్సియా అనే స్పానిష్ గాన గురువు చిన్న అద్దం పెట్టి పాడుతున్న గొంతులోకి చూసి, 1855లో లండన్ రాయల్ సొసైటీకి ఆ సంగతి తెలియజేశాడు.

సన్న గొంతు అనగానే నాకు తోలుబొమ్మలాటే గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు మా ఊరికి ఒక మేళం వచ్చేది. ఆడపాత్రలకు ఆడవాళ్లే పాడేవాళ్లు. ఒక రాత్రి పాడే ఆమెకు గొంతు పట్టేసింది. బంగారక్క బొమ్మను, దాని మాటనూ మేళం పెద్దాయనే అందుకున్నాడు. నేను తెర పక్కకు పోయి కూర్చున్నాను. కాళ్ల కింద చెక్కపలక, చేతుల్లో రెండు బొమ్మలు, మెడ నరాలు బిగిసి ఉన్నాయి. బంగారక్కగా తోటి హాస్యగాడు జుట్టుపోలిగాణ్ణి తిడుతుంటే గొంతు సన్నగా, చురుగ్గా పైనే ఆడుతోంది. మరుక్షణం రావణుడు. పలక మీద కాలు దబ్బున పడింది, గొంతు బొడ్డు దగ్గర్నుంచి వచ్చింది. మళ్లీ బంగారక్క పాట. పాట కిందికి దిగేటప్పుడు ఒకచోట సన్న గొంతు పుటుక్కున తెగి మగ గొంతు బయటపడింది. జనం గొల్లుమన్నారు. ఆయన తడబడలేదు. రెండో చరణంలో కావాలనే అక్కడే తెంపాడు. ఆ మగ గొంతుకు పోలిగాడు ఉలిక్కిపడ్డట్టు బొమ్మను వెనక్కి లాగాడు. అది దొంగ గొంతని ఎవరనగలరు?

ఆడవాళ్లకు నిండు గొంతు లేదనీ కాదు. గొంతుకు వైద్యం జరిగాక గంగూబాయి హానగల్ గొంతు మగవాళ్ల శ్రుతికి దిగింది. ఆ గొంతుతోనే దశాబ్దాలు పాడింది, 2009లో పోయేదాకా హిందుస్థానీలో ఆమె స్థానం కదల్లేదు.

ఇంతవరకూ వచ్చాక ఆ అబ్బాయి మార్కులు వాడికి తిరిగివ్వాలనే అనిపిస్తుంది. కానీ ఇంటికొచ్చి, ఫోన్‌లో రికార్డు చేసుకున్న ఇద్దరి పాటలూ మళ్లీ మళ్లీ విన్నాను. పై మధ్యమం మీద వాడి గొంతు సన్నగా ఉంది కానీ శ్రుతిలోనే ఉంది. చెడింది దిగేటప్పుడు. గాంధారం దాటి రిషభానికి వచ్చేసరికి గొంతు విరిగింది, స్వరం జారింది. అమ్మాయికి ఆ రిషభం మెట్టే మధ్యస్థాయి ధైవతం. ఆమె కూడా అక్కడే మారింది. ఎక్కడ మారిందో కనిపెట్టడానికి నాకు నాలుగుసార్లు వినాల్సివచ్చింది.

ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా నిండు గొంతు సన్న గొంతుగా మారే చోటు దాదాపు ఒకటే, 300 నుంచి 350 హెర్ట్జ్‌కు కాస్త అటూ ఇటూ. మగవాళ్లకు అది తారస్థాయిలో పడుతుంది. పద్యనాటకాల మహానుభావులు నిండు గొంతును దాన్ని దాటించి లాక్కుపోయేవాళ్లు. ఆడవాళ్లకు అది పంచమానికీ పై షడ్జమానికీ నడుమ, రాగం ఊపిరాడే చోటే పడుతుంది. ప్రతి సంగతిలోనూ దాటాలి, దాటినట్టు తెలియకూడదు. ఆ అమ్మాయి చేసింది ఆ పని. మార్కుల్లో తేడా న్యాయమే. చెప్పిన కారణమే అన్యాయం.

ఆ అబ్బాయితో అనాల్సింది ఇది: శ్రుతి ఒకటికి దించుకో. ఇప్పుడిప్పుడే మారిన గొంతు, రెండుతో తొందరేం లేదు. రోజూ పొద్దున పై మధ్యమం సన్న గొంతుతోనే మెత్తగా పట్టి, అకారంతో ఒక్కో స్వరం కిందికి దిగు. గాంధారం దగ్గర గొంతు బిగించకు. సన్నదనాన్ని షడ్జమం దాకా, నిషాదం దాకా తెచ్చుకో. నిండు గొంతు దానంతటదే వచ్చి కలుస్తుంది.