తుప్పు కింది జీపు

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు నేల రేకు కింద చెక్క ఉందంటే చాలామంది నమ్మరు. రేకు కుంగకుండా అడుగున మడత పట్టీలు అతికించి, వాటి బోలులో చెక్క బద్దలు బిగించారు. వాన నీరు పీల్చుకున్న ఆ చెక్క ఆరక, రేకును లోపలి నుంచి తినేస్తుంది. అందుకే, పైన రంగు ఎంత నిగనిగలాడినా, జీపును కింద పడుకుని చూడాలంటారు తెలిసినవాళ్లు.

1941-45 మధ్య విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఇలాంటి జీపులను 6 లక్షలకు పైగా చేశాయి. 1947లో మహీంద్రా బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. ఆ వరసలోదే మనవాళ్లకు బాగా తెలిసిన ఎత్తు బానెట్ సీజే-3బి. బొర్రా గుహల నుంచి కటికి జలపాతం దారిలో పర్యాటకులను మోసేవి నేటికీ జీపులే.

పాత జీపును బాగుచేసే అసలు పని సుత్తితో మొదలవుతుంది. ఛాసిస్ పొడుగునా తట్టుకుంటూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, కుళ్లిన చోటు మొద్దుగా పలుకుతుంది. బురద పేరుకునే స్ప్రింగు బ్రాకెట్ల దగ్గర మరీ జాగ్రత్తగా వినాలి. కుళ్లినదాన్ని మంచి లోహం కనిపించేదాకా కోసేసి, అంతే మందం రేకును అట్టముక్క నమూనాతో కత్తిరించి అతుకుతారు. వెల్డింగ్ ఒకే గీతగా లాగరు. వేడికి రేకు మెలి తిరుగుతుంది కనుక ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెడుతూ, మధ్యలో చల్లారనిస్తారు. తుప్పు మీదే పుట్టీ పూసి రంగు కొట్టడం మరమ్మతు కాదు, మోసం.

చిన్న భాగాలకు మరో మంచి పద్ధతుంది. వాషింగ్ సోడా కలిపిన నీళ్లలో తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు నెగటివ్ తీగకు, ఒక పాత ఇనుప ముక్కను పాజిటివ్‌కు తగిలిస్తే, మంచి ఇనుము అరగకుండా తుప్పు వదులుతుంది. స్టీలు గిన్నె ముక్క మాత్రం వాడకూడదు, అందులోని క్రోమియం నీటిని విషం చేస్తుంది. హైడ్రోజన్ పుడుతుంది కనుక ఈ పని ఆరుబయటే చేయాలి.

ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజన్‌కు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం పెద్ద తప్పు. పట్టేసిన పిస్టన్ రింగులు విరుగుతాయి. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో డీజిల్ పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, హ్యాండిల్‌తో చేత్తోనే మెల్లగా తిప్పాలి. ఇంజన్ పలికినా బ్రేకులు బాగయ్యేదాకా బండి కదలకూడదు.

పాత బోల్టులను పారేయకపోవడంలోనూ విలువ ఉంది. ఫోర్డ్ తన జీపు భాగాల మీద, బోల్టుల తలల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం ముద్రించింది. ముందు అడ్డకమ్మీ గుండ్రటి గొట్టమైతే ఛాసిస్ విల్లీస్‌ది. కొత్త బాడీ తెచ్చి తగిలిస్తే పని త్వరగా తెములుతుంది గానీ, ఈ చరిత్ర పాత ఇనుముతోపాటే పోతుంది.

50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని సొంత వాహనాలకు కేంద్రం 2021లో ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు తెచ్చింది. పెరట్లో చెట్టు కింద పడి ఉన్న జీపును తూకానికి వేసే ముందు, దాని ఛాసిస్ నంబరును ఒక్కసారి తుడిచి చదవండి.