ఊరి చరిత్రలో ప్రపంచం ఎక్కడుంది?

మన స్థానిక చరిత్రల రచనలో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. పుస్తకం చివర ఒక పట్టిక వేస్తారు. ఎడమ గడిలో ఊరి సంగతులుంటాయి: కళాశాల వెలసిన సంవత్సరం, రైలు వచ్చిన సంవత్సరం, జమీందారు దానధర్మాలు. కుడి గడిలో ప్రపంచ సంగతులుంటాయి: యుద్ధాలు, సంధులు, చక్రవర్తుల మరణాలు. రెంటి మధ్య ఒక నిలువు గీత. ఆ గీతకు ఇవతలివాళ్ళు అవతలికి పోరు, అవతలి సంఘటనలు ఇవతలికి రావు. చదువరికి తేదీలు తెలుస్తాయి గాని కారణాలు తెలియవు. ఊరూ ప్రపంచమూ ఒకే కాలంలో ఉన్నాయని మాత్రం తెలుస్తుంది. ఒకదానిలో ఒకటి ఉన్నాయని తెలియదు.

ఈ గీత నిరపాయకరమైనది కాదు. చరిత్రను నడిపేవాళ్ళు ఎక్కడో ఉన్నారనీ, మన ఊరివాళ్ళు దాన్ని చూస్తూ కూర్చున్నారనీ అది నేర్పుతుంది. కనుక ఇది సాహిత్య విమర్శకు కూడా సంబంధించిన విషయమే.

ఏడో ఎడ్వర్డు కాలాన్ని, అంటే 1901 జనవరి నుంచి 1910 మే వరకు, ఉదాహరణగా తీసుకుందాం. పట్టణం కాకినాడ. ఆంగ్లేయులు తమ కాగితాల్లో ‘కోకనాడ’ అని రాసుకున్న రేవు. పట్టిక వేస్తే ఇలా ఉంటుంది. 1903: ఢిల్లీ దర్బారు. 1904: రఘుపతి వెంకటరత్నం నాయుడు పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు. 1905: జపాను చేతిలో రష్యా ఓటమి, బెంగాల్ విభజన. 1907: కాకినాడలో అల్లరి. 1910: ఎడ్వర్డు మరణం. అన్నీ నిజాలే. అయినా కాకినాడ ఎందుకు కాకినాడ అయిందో ఈ నిజాలు చెప్పవు.

అది తెలియాలంటే రేవు దగ్గరకు పోవాలి. 1847-52 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టారు. కాలువలు తవ్వారు. ఆ కాలువలు పొలాలకు నీళ్ళివ్వడమే కాదు, పడవల మీద పంటను రేవుకు మోసుకొచ్చాయి. 1860 దశకంలో అమెరికా అంతర్యుద్ధం వల్ల మాంచెస్టరు మిల్లులకు పత్తి కరువైతే మన తీరం నుంచి పత్తి ఎగుమతి పెరిగింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఐరోపాకు దారి దగ్గరయింది. సముద్రం లోతు లేక పెద్ద ఓడలు ఒడ్డుకు చాలా దూరంలో లంగరు వేసేవి. బస్తాలన్నీ పడవల్లో చేరవేయాలి. ప్రపంచ వాణిజ్యానికీ కాకినాడకూ మధ్య ఉన్న ఆ నీటి దూరాన్ని దాటించింది పడవ కూలీల భుజాలు.

రేవు నుంచి సరుకే కాదు, మనుషులు కూడా ఎగుమతి అయ్యారు. సూయజ్ తర్వాత దిగువ బర్మా బియ్యానికి అంతర్జాతీయ గిరాకీ వచ్చింది. అడవి నరికి పొలాలు చేశారు. రంగూన్‌లో ధాన్యం మిల్లులు లేచాయి. ఆ మిల్లుల్లోనూ రంగూన్ రేవులోనూ బస్తా మోసినవాళ్ళలో ఎక్కువమంది గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల తెలుగువాళ్ళు. మేస్త్రీ ఊళ్ళో అడ్వాన్సు ఇస్తాడు. టిక్కెట్టు కొంటాడు. ఆ బాకీ కూలిలో కోసుకుంటాడు. బాకీ తీరేదాకా మనిషి అతని చేతిలోనే ఉంటాడు. బర్మాలో మనవాళ్ళను ‘కొరంగీలు’ అన్నారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే ఒక జాతికి పేరై, క్రమంగా తిట్టుగా మారింది. కాకినాడ చరిత్రలో ఇంతకంటే పెద్ద ‘ప్రపంచ సంఘటన’ ఏముంది? కాని అది ఏ గడిలో రాయాలి? ఎడమ గడిలోనా, కుడి గడిలోనా? పట్టిక పద్ధతి ఇక్కడ చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు 1907ను చూద్దాం. ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర తీరమంతా తిరుగుతూ కాకినాడలోనూ ఉపన్యసించాడు. మే 9న పంజాబులో లజపతిరాయ్‌ని నిర్బంధించి మాండలేకు పంపారు. మే 31న కాకినాడలో ‘వందేమాతరం’ అన్న ఒక కుర్రవాణ్ణి జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్ కొట్టాడు. ఆ రాత్రి జనం తెల్లదొరల క్లబ్బు మీద పడ్డారు. ప్రభుత్వం శిక్షగా అదనపు పోలీసులను దించి, ఆ ఖర్చు పట్టణం మీదే వేసింది. ఒక నినాదానికి ఒక దొర అంతగా ఎందుకు ఉలిక్కిపడ్డాడు? 1857 తిరుగుబాటుకు అది యాభయ్యో ఏడు. ఆసియా దేశం ఒక ఐరోపా సామ్రాజ్యాన్ని ఓడించి రెండేళ్ళే అయింది. ఆ కుర్రవాడి గొంతులో కెంప్‌కు వినిపించింది ఒక్క కాకినాడ కాదు. దొరగారికి అర్థమైన ఈ సంబంధం మన చరిత్రకారులకు అర్థం కాకపోవడం విచారకరం. పైగా, నాయకుణ్ణి ఖైదుగా పంపిన బర్మాకే, అదే రోజుల్లో, తెలుగు కూలి బాకీతో పోతున్నాడు. రెండు ప్రయాణాలూ ఒకే సామ్రాజ్యం చేయించినవి. ఒకటి పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది, రెండోది ఎక్కలేదు.

ఇదే కాలంలో ఇంగ్లండు సముద్రతీరంలో ఏం జరిగిందో చూడటం రచయితలకు ఉపయోగం. హేస్టింగ్స్ దక్షిణ తీరంలో విహార పట్టణం. అక్కడ ఇళ్ళకు రంగులు వేస్తూ, బోర్డులు రాస్తూ బతికిన ఐరిష్‌వాడు రాబర్ట్ నూనన్ ఒక నవల రాశాడు. రాబర్ట్ ట్రెసెల్ పేరుతో వచ్చిన ‘ది రాగెడ్ ట్రౌజర్డ్ ఫిలాంత్రపిస్ట్స్’ అది. ప్రచురణకర్తలు తిప్పికొట్టారు. 1911లో అతను లివర్‌పూల్‌లో క్షయతో చనిపోయాడు. కూతురు దాచిన రాతప్రతి కుదించిన రూపంలో 1914లో అచ్చయింది. పూర్తి పాఠం రావడానికి 1955 దాకా ఆగాల్సి వచ్చింది. నవలలో పట్టణం పేరు మగ్స్‌బరో. ఎవరి ఇల్లో బాగుచేస్తూ, మధ్యాహ్నం రొట్టె తింటూ, పనివాళ్ళు విదేశీ సరుకుల మీద సుంకం వెయ్యాలా వద్దా అని వాదించుకుంటారు. 1903లో చేంబర్లేన్ లేపిన దేశవ్యాప్త వివాదమది. పత్రిక చెప్పిన మాటనే తమ మాటగా వాళ్ళు చిలకల్లా పలుకుతారు. ఇక్కడ ప్రపంచం పక్క గడిలో లేదు. పనివాడి నోట్లో, అతని రొట్టెముక్క పక్కన ఉంది. రొట్టెముక్కలతోనే ఓవెన్ తోటివాళ్ళకు అదనపు విలువను వివరిస్తాడు.

ఈ నవలకు లోపం లేదని కాదు. తోటి కూలీల అజ్ఞానం మీద రచయితకున్న కోపం చాలాచోట్ల వాళ్ళ శక్తిని చూడనివ్వదు. అయినా ఒక తీర పట్టణపు ఎడ్వర్డు కాలాన్ని నిచ్చెన మీద నిలబడ్డవాడి కంటితో చూపించాడు. ఆ పని పట్టికలు చెయ్యలేవు.

మన భాషలో ఆ శక్తి లేదా? ఉంది. గురజాడ ‘కన్యాశుల్కం’ను తిరగరాసి 1909లో ప్రచురించాడు. అందులో వైస్రాయిలు కనపడరు. కాని కోర్టు, వకీలు, హెడ్డు కనిస్టీబు, దొంగసాక్ష్యం - వలస పాలన తెచ్చిన యంత్రాంగమంతా రామప్పపంతులు నాలుక చివర ఉంది. సామ్రాజ్యం పేరెత్తకుండానే అది మనుషుల నడవడిని ఎలా మలిచిందో చూపిన రచన అది. ఆ చూపు రేవు వైపు, కూలీల ఓడ వైపు తిరగలేదు. ఆ లోటు గురజాడది కాదు, ఆయన తర్వాత వచ్చిన మనది.

ఇక్కడ అభ్యుదయ విమర్శకులకూ ఒక మాట చెప్పాలి. గీత చెరిపేయడమంటే ఊరిని చెరిపేయడం కాదు. ‘అంతా సామ్రాజ్యవాదమే’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే కాకినాడకూ కలకత్తాకూ తేడా మిగలదు. వెంకటరత్నం నాయుడు విషయమే చూడండి. 1924లో ఆయనకు ‘సర్’ బిరుదు వచ్చింది గనుక ఆయన్ను రాజభక్తుల జాబితాలో వేసి ఊరుకుంటే, దళిత విద్యార్థులకు, అనాథలకు ఆయన చేసినదంతా కొట్టుకుపోతుంది. ఆ పట్టణంలో ‘వందేమాతరం’ అన్నవాళ్ళందరూ అంటరానితనాన్ని వద్దన్నవాళ్ళు కారు. ఈ వైరుధ్యాన్ని వైరుధ్యంగానే రాయాలి.

ఈ చర్చ నూరేళ్ళ కిందటి రేవుకే పరిమితమైతే నాకు ఇంత పట్టింపు ఉండేది కాదు. నేనుండే ఖాజాగూడలో బడిపిల్లలకు ‘మా ఊరి చరిత్ర’ అని వ్యాసం ఇస్తే గుట్టలు, చెరువు, దర్గా, గుడి రాస్తారు. తర్వాత ‘ఐటీ వచ్చింది’ అని ఒక్క మాట. వర్షం వచ్చినట్టు ఐటీ వచ్చిందట! 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం కావడానికీ, 2000 సంవత్సరపు తేదీ మార్పుతో పడమటి దేశాల కంప్యూటర్లకు వచ్చిన భయానికీ, ఇక్కడి ఎకరం ధరకూ సంబంధం ఉంది. ఈ అద్దాల మేడలు కట్టినవాళ్ళు పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహారుల నుంచి వచ్చారు. వాళ్ళను తెచ్చేవాణ్ణి ఇప్పటికీ మేస్త్రీ అనే అంటారు. రంగూన్ ఓడ ఎక్కించినవాడి పేరూ అదే. మాట మిగిలింది, అడ్వాన్సు మిగిలింది, చరిత్ర మాత్రం రాయబడలేదు.

సాహిత్య విద్యార్థులు తమ తమ ఊళ్ళ చరిత్రలు రాయడం మొదలుపెట్టాలి. ఏ తేదీ రాసినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీని ఖర్చు ఎవరు భరించారు? లాభం ఎక్కడికి పోయింది? బరువు ఎవరు మోశారు? ఈ మూడింటికీ జవాబు వెతికేవాడు ఊరి పొలిమేర దాటక తప్పదు, తిరిగి ఊళ్ళోకి రాకా తప్పదు. అలా వెళ్ళి వచ్చిన దారే ఊరి చరిత్ర.