గుస్ట్ల్ బుర్రలో ఒక రాత్రి

1900 క్రిస్మస్ నాడు వియన్నా పత్రిక ‘నోయె ఫ్రయె ప్రెస్సె’లో ఆర్తుర్ ష్నిట్స్లర్ రాసిన ‘లెఫ్టినెంట్ గుస్ట్ల్’ అచ్చయింది. ఇందులో కథకుడు లేడు. రాత్రి నుంచి తెల్లారేదాకా ఒక కుర్ర సైనికాధికారి బుర్రలో మెదిలిందే కథ.

ఆ బుర్రలో యూదు ద్వేషాన్ని ష్నిట్స్లర్ ఎక్కడ, ఎలా అమర్చాడో చూడాలి. గుస్ట్ల్ కచేరీలో విసుగ్గా కూర్చున్నాడు. ప్రియురాలు స్టెఫీ ఆ సాయంత్రం ఇంకొకడితో ఉంది. వాడిది బ్యాంకు ఉద్యోగం, నల్ల మీసం. అయితే యూదుడే! పైగా రిజర్వ్ లెఫ్టినెంటట. యూదుల్ని ఇంకా ఆఫీసర్లను చేస్తున్నారేమిటని చిరాకు. దాంతో మొన్న మాన్‌హైమర్ల ఇంట్లో జరిగిన గొడవ గుర్తొస్తుంది. వాళ్లూ యూదులేనట, బాప్టిజం పుచ్చుకున్నవాళ్లే అనుకోండి. చూస్తే మాత్రం తెలీదు, ముఖ్యంగా బంగారు జుట్టు ఆవిడ... ఇక ధ్యాసంతా ఆవిడ అందం మీదికి పోతుంది. అసూయతో మొదలైన ద్వేషం ఆడమనిషి దగ్గర దారి తప్పింది. మీసం చూసి జాతి తేల్చినవాడు, జుట్టు దగ్గరికొచ్చేసరికి తన కొలబద్ద పనిచేయదని తానే చెప్పేశాడు. చెప్పానని వాడికి తెలీదు. తర్కం ఉండాల్సిన చోటల్లా ష్నిట్స్లర్ మూడు చుక్కలు పెట్టాడు. ఆ ఖాళీల్లోనే వాణ్ని మనం పట్టుకుంటాం.

ఇంకా లోతుగా దాచినది సంగీతం. వినిపించే పాదాన్ని బట్టి అది మెండెల్సన్ ‘పౌలుస్’, బైబిల్ కథను పాటలుగా వినిపించే ఒరటోరియో. యూదుడైన సౌలు క్రైస్తవుడైన పౌలుగా మారిన కథ. స్వరకర్త యూదు కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే బాప్టిజం పొందినవాడు. గుస్ట్ల్‌కు మాత్రం వింటున్నది చర్చి ప్రార్థనా, ఒరటోరియోనా అన్నదే అయోమయం. ష్నిట్స్లర్ స్వరకర్త పేరెత్తడు. ఎత్తి ఉంటే చురుకు పోయేది.

కచేరీ అయ్యాక కోట్లు తీసుకునే చోట తోపులాటలో బేకరీ యజమాని హాబెట్స్వాల్నర్ గుస్ట్ల్ కత్తి పిడి పట్టుకుని, ఎవరికీ వినపడకుండా తిడతాడు. బేకరీవాడితో ద్వంద్వయుద్ధానికి హోదా అడ్డు, పోయిన పరువు దక్కించుకునే దారి లేదు, కాబట్టి తానే చావాలనుకుంటాడు గుస్ట్ల్. ద్వంద్వయుద్ధానికి ఎవరు తగరో తేల్చే ఇలాంటి లెక్కతోనే 1896లో జర్మన్ జాతీయవాద విద్యార్థి సంఘాలు యూదులకు పరువే లేదని, వాళ్లతో ద్వంద్వయుద్ధం చెల్లదని తీర్మానించాయి. అది గుర్తున్న పాఠకుడు ఈ పరువు లెక్కకు నవ్వుకోకుండా ఉండలేడు. తెల్లారి కాఫీ హోటల్లో బేకరీవాడు రాత్రే పక్షవాతంతో పోయాడని తెలుస్తుంది. గుస్ట్ల్‌కు పట్టరాని సంతోషం. ఇక మాన్‌హైమర్ల ఇంట్లో తన్ను ఎత్తిపొడిచిన లాయరుతో మధ్యాహ్నం ద్వంద్వయుద్ధమే తరువాయి.

ష్నిట్స్లర్ యూదుడు, డాక్టరు, రిజర్వు సైనిక వైద్యాధికారి కూడా. ఈ కథ రాసినందుకు 1901లో సైన్యం ఆ హోదా పీకేసింది. గుస్ట్ల్ కోరుకున్నట్టే యూదు ఆఫీసర్లలో ఒకడు తగ్గాడు.