పేరునకు ముందుండు మాట

నల్లగొండ జిల్లా నిడమనూరులో ఉత్తరము వ్రాయ కూర్చున్న పెద్దలు, కాగితము నెత్తిన 'శ్రీ' యుంచి, కుడివైపున ఊరును తేదీయును వేసి, ఆ పిమ్మట కలము నొక్కక్షణ మాపుట నేను చిన్ననాటినుండియు చూచుచు వచ్చితిని. ఏలయన, వర్తమానమును తడుముకొనక వ్రాయవచ్చును గాని, అందుకొనువారి పేరునకు ముందుండవలసిన విశేషణమును మాత్రము ఆలోచించియే వ్రాయవలెను. తండ్రికి 'పూజ్యులైన', వేదపండితునకు 'వే.బ్ర.శ్రీ', పెద్దమనిషికి 'మ.రా.రా.శ్రీ', తమ్మునకు 'చి.', పెండ్లియైన కూతునకు 'చి.ల.సౌ.' అను ఈ పొట్టి యక్షరములలో వయస్సు, విద్య, బాంధవ్యము, ఆశీస్సు అన్నియు నొదిగియున్నవి. 'ఉభయకుశలోపరి' అనునది ఆ తరువాతి మాట.

పేరునకు ముందు గౌరవపదము నిలుపుట పరభాషలందును కలదు. స్పానిష్ భాషయందు గౌరవింపదగినవాడు 'రెవెరెండో', గౌరవించువాడు 'రెవెరెంతె'. మొదటిది లాటినునుండి వచ్చి మతగురువుల పేర్లకు ముందు నిలిచినది. దాని తోబుట్టువైన 'రెవరెండ్' మన క్రైస్తవ కుటుంబముల పెండ్లిపత్రికలలోను కలదు. మన యుత్తరమునందు ఆ యిరువురును ఒకే కాగితముపై నుందురు: పైన 'పూజ్యులైన', క్రింద 'విధేయుడు'. క్రిందివాడు తనంత తానై వంగినప్పుడే పైమాటకు విలువ.

వంచబడి వంగిన కాలమును ఈ సీమ యెరుగును. నిజాము పాలనలో వెట్టిచాకిరి చేయు నిరుపేద, దొర గడియెదుట చెప్పులు చేతబట్టుకొని, 'నీ బాంచెను, కాల్మొక్త' ననవలసినదే. ఆ మాటలో భక్తి లేదు, కొరడా భయమున్నది. 1946 నుండి 1951 వరకు నల్లగొండ జిల్లాను కదిలించిన రైతాంగ పోరాటము భూమికొరకును వెట్టి విముక్తికొరకును సాగినదందురు. ప్రజల నాలుకపైనుండి ఆ మాటను పెరికివేయుటకును సాగినదని నేనందును.

మర్యాద ముసుగున మిగిలిపోయినది మరియొకటి కలదు. భర్తృవియోగమందిన స్త్రీ పేరునకు ముందు 'గం.భా.స.' అని వ్రాయుదురు. గంగాభాగీరథీ సమానురాలని విప్పి చదివిన నెంత పావనమైన మాట! కాని, ఆ మూడక్షరములు కనబడినంతనే ఉత్తరము తెచ్చిన పోస్టుమానునకు సయితము ఆమె వైధవ్యము తెలిసిపోవును. పసుపు పూసిన నాలుగు మూలల నడుమ, కొడుకు పెండ్లిపత్రికపై తల్లి పేరునకు ముందు ఆ అక్షరములు అచ్చుపడియుండగా చూచి, ఆమె తన పేరును బొటనవ్రేలితో కప్పి పత్రికను చదువుకొనుట నేను చూచితిని. ఆనాటినుండి, ఎవరు వ్రాయుమన్నను, నేనట్లు వ్రాయను. 'మాతృశ్రీ' యని వ్రాయుదును. కారణ మడిగినవారికి చెప్పుదును. కొందరు వినిరి; వినని కొందరు వేరొకరిచేత వ్రాయించుకొనిరి.