గుడ్డ మీదికి మామిడి పిందె

నూజివీడు చుట్టుపక్కల పల్లెల్లో బొంత కుట్టే మనిషి గుడ్డ మీద గీతంటూ గీయదు. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, పెద్ద సూదితో చుట్టూ ఒక వరస కుడుతుంది. రెండో వరసకి ఆ మొదటి వరసే ఆనవాలు. వేలెడు దూరంలో దాని పక్కనే నడుచుకుంటూ బొంత నడిమి దాకా వస్తుంది. మామిడితోట కాపలా మంచం మీదైనా, పసిపిల్ల ఉయ్యాలలోనైనా పరిచేది ఆ బొంతే. ఆ చేతి లెక్కకి వంక పెట్టలేం. కానీ అదే బొంత అంచు చుట్టూ మామిడి పిందెలు, అన్నీ ఒకే కొలతలో, ఒకే వంపులో రావాలంటే చేతి లెక్క చాలదు. గీత కావాలి. కుట్టేదాకా ఆ గీత ఉండాలి, కుట్టాక పోవాలి. నమూనా దించే పద్ధతులన్నీ ఈ చివరి మాట దగ్గరే వేరుపడతాయి. అందుకే గీత వేసేముందే, అది ఎలా పోతుందో తేల్చుకోవాలి.

మన ఊళ్ళలో ఈ పని బాగా తెలిసినవాళ్ళు మగ్గం వర్కు కొట్లలో ఉన్నారు. జాకెట్టు మీద జరీ, పూసలు కుట్టిన చేతిని అందరం మెచ్చుకుంటాం. దానికి ముందు జరిగిన ట్రేసింగు, అంటే నమూనా దించడం గురించి ఎవరూ అడగరు. నా దృష్టిలో సగం పనితనం అక్కడే ఉంది. బటర్ పేపరు మీద పెన్సిల్‌తో పిందె గీస్తారు. కాగితం కింద మెత్తగా మడత గుడ్డ వేసి, గీత వెంట సన్నటి సూదితో గుచ్చుకుంటూ పోతారు. పిందె పొట్ట దగ్గర చిల్లులు కాస్త ఎడంగా ఉన్నా ఫర్వాలేదు. వంపు తిరిగిన ముక్కు దగ్గర మాత్రం చిల్లు పక్కనే చిల్లు పడాలి. అక్కడ ఎడమైతే ముక్కు మొద్దుబారిపోయి పిందె కాస్తా జీడిగింజలా కనిపిస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉండే నమూనా అయితే కాగితాన్ని సగానికి మడిచి రెండు పొరల్నీ కలిపి గుచ్చుతారు. విప్పితే ఎడమా కుడీ తేడా లేకుండా వస్తాయి. గుచ్చడం అయ్యాక వెనకవైపు లేచిన గరుకును సన్న గరుకు కాగితంతో రుద్ది చదును చేయాలి. లేకపోతే చిల్లులు మూసుకుపోతాయి.

తరవాత కాగితాన్ని గుడ్డ మీద కదలకుండా పిన్నులతో బిగించి, కిరోసిన్‌లో కలిపిన జింక్ పౌడరును గుడ్డపీలికతో అద్ది పైన రుద్దుతారు. లేత రంగు గుడ్డకి తెల్లపొడి ఆనదు కాబట్టి నీలం పొడి కలుపుతారు. నీళ్ళు ఎందుకు వాడరంటే, నీళ్ళు కాగితాన్ని ముడతలు పెడతాయి, గుడ్డలో పాకుతాయి, పట్టు మీద మరక చేస్తాయి. కిరోసిన్ గాలికి ఆరిపోతుంది. పొడి మాత్రం చుక్కలు చుక్కలుగా నిలుస్తుంది, పని అయ్యాక దులిపితే రాలుతుంది. పీలిక మరీ తడిగా ఉంటే ద్రవం కాగితం కిందికి జారి చుక్కలు కలిసిపోతాయి. అందుకే ముందు ఒక పనికిరాని ముక్క మీద రుద్ది చూసుకుంటారు. ధనుర్మాసంలో సంతల్లో అమ్మే చిల్లుల ముగ్గు డబ్బా కూడా చేసేది ఇదే పని: చిల్లు ఉన్నచోట పొడి దిగుతుంది, లేనిచోట ఆగుతుంది.

ఈ పని మగ్గం కొట్లతో పుట్టలేదు. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరి, తెలుగూ సంస్కృతమూ నేర్చినవాడు, కోరమాండల్ తీరంలో అద్దకం పని ఎలా జరుగుతుందో విపులంగా ఉత్తరం రాశాడు. చిత్రకారులు బొమ్మను కాగితం మీద గీసి, గీతల్ని సూదితో గుచ్చి, బొగ్గుపొడి అద్ది గుడ్డ మీదికి దించుతారని అందులో చెప్పాడు. ఆ తీరం నుంచే మచిలీపట్నం రేవు మీదుగా పూల దుప్పట్లు ఐరోపా వెళ్ళాయి. అక్కడ వాటిలో కొన్నిటికి లోపల దూది పరిచి కుట్టించుకున్నారు. వాటి మీద మోజు ఎంత పెరిగిందంటే 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు వాటిని అడ్డుకోవడానికి చట్టాలు చేశాయి. ఇలా పొరలు కలిపి కుట్టే క్విల్టింగు అనగానే పరాయి విద్య అనుకునేవారు ఈ చరిత్ర గుర్తుంచుకోవాలి.

శ్రీకాళహస్తి కలంకారీలో ఇప్పటికీ తొలిగీత చింతపుల్లల బొగ్గుతోనే. బొగ్గు గీత గుడ్డను పట్టుకోదు. తప్పయితే తుడిచేయవచ్చు. దాని మీద కలంతో నల్లరంగు గీత పడ్డాకే బొమ్మ ఖాయమవుతుంది. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ దారి వేరు. అక్కడ టేకు చెక్కలో చెక్కిన అచ్చే గీత, ఆ గీత పోకూడదు. కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు ఊరబెట్టిన ద్రవాన్ని అద్దితే కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి నలుపు తేలుతుంది. పెడన అచ్చుల్లో పిందెలకు లోటు లేదు. అచ్చుగుడ్డనే బొంతకి పైపొరగా వేసుకుంటే నమూనా దించే పనే తప్పుతుంది, ముద్రపడ్డ గీత వెంటే కుట్టుకుపోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి నేను ముందు చెప్పేది ఈ దారే.

చేత్తో కాకుండా మిషను మీద ఫ్రీ మోషన్ క్విల్టింగు చేసేటప్పుడు గుడ్డను జరిపే పళ్ళు కిందికి దించేస్తారు. ఇక గుడ్డను ఏ వైపుకైనా జరిపేది చేతులే. మన టైలర్లు పాదం విప్పి, రింగు బిగించి మిషన్ ఎంబ్రాయిడరీ చేసిన పద్ధతే ఇది. సూది ఆగకుండా పోతూ ఉంటుంది కాబట్టి ఆలోచించుకునే వ్యవధి ఉండదు. చూపు ముందుకు పరిగెత్తడానికి గీత ఉండాలి. ఆ గీత తెగకుండా ఉండాలి. పిందె ముక్కు దగ్గర మొదలై, వీపు మీదుగా దిగి, పొట్ట చుట్టి మళ్ళీ ముక్కు చేరాలి. అక్కణ్ణుంచి లోపలికి వెళ్ళి చిన్న పిందె చుట్టి, బయటికొచ్చి పక్క పిందెను అందుకోవాలి. మెలికల ముగ్గు వేసిన చేతికి ఈ దారి కొత్తేమీ కాదు. ముక్కు సరిగ్గా గీయాలంటే కలెక్టరు రకం మామిడికాయను ఎదురుగా పెట్టుకోండి.

బొంతకి ట్రేసింగు చేసేటప్పుడు పైపొర మీద, కింది పొరలు పరచకముందే చేయాలి. కింద మెత్తగా ఉంటే కాగితం కుంగి గీత వంకరపోతుంది. కిరోసిన్ వాడితే పూర్తిగా ఆరాకే పొరలు కలపాలి. వాసన వద్దనుకుంటే సుద్దపొడిని పల్చటి గుడ్డలో మూటకట్టి రుద్దవచ్చు. కానీ చేతుల రాపిడికి అది తొందరగా రాలుతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా దించుకుంటూ కుట్టాలి. కార్బన్ పేపరును లేత గుడ్డ దగ్గరికి రానివ్వకండి, ఉతికినా పోదు. నీళ్ళకి పోయే నీలి పెన్ను మంచిదే. అయితే ఉతక్కముందే ఇస్త్రీ పెడితే గీత గుడ్డలోనే ఉండిపోతుంది. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్నులు ఈ మధ్య బాగా వాడుతున్నారు. వాటి గీత గడ్డకట్టే చలికి మళ్ళీ తేలుతుంది. మన ఎండలకి ఆ భయం లేదు గానీ, అమెరికాలోని మనవలకి బొంత పంపేవారు ఆ పెన్ను వాడకపోవడమే మేలు.

గుచ్చిన కాగితాలు పారేయకండి. ఒక్క కాగితం ఎన్నో జాకెట్లకు, ఎన్నో బొంతలకు వస్తుంది. కొట్లలో పాత డిజైన్ల కట్టలు చెదలు పట్టి, చిత్తుకాగితాల్లో కలిసిపోతున్నాయి. ఒక ఊరి పిందెకూ ఇంకో ఊరి పిందెకూ వంపులో ఉన్న తేడా వాటితోనే పోతోంది. వాడాక కిరోసిన్ గుడ్డతో రెండువైపులా తుడిచి ఆరబెట్టండి, లేకపోతే పొడి గట్టిపడి చిల్లులు పూడిపోతాయి. మడత పెడితే మడత దగ్గర చిరుగుతుంది, కాబట్టి గొట్టంలా చుట్టండి. అంచు మీద ఎవరు గీశారో, ఏ ఏడాదో, దేనికి వాడారో పెన్సిల్‌తో రాసిపెట్టండి.